వరసలో లేని బిందె

పెద్దలు తీర్పు చెప్పిన సాయంత్రం
చెయ్యెత్తినవాళ్ళలో నేనూ ఉన్నాను.

వదిన పేరు నూకాలు.
రెండేళ్ళ కిందట భీమిలి దగ్గర నీళ్ళలో మునిగి
తడిచీరతో లేచినప్పటి నుంచీ దీనమ్మ.
నేను మాత్రం నూకాలొదినా అనే పిలిచేవాణ్ణి, పంతానికి.
రెండు పేర్లకీ పలికేది.

మా పేట పడవల్లో చేప ఆమెకి అమ్మకూడదు.
అన్న పోయాక మిగిలిన వల వాటా ఇవ్వకూడదు.
కుళాయి దగ్గర ఆమె బిందె ఉండకూడదు.
"పండగ చందా ఇచ్చి, తప్పు కట్టీసి,
ఆ ఆదివారాలు మానీ. ఏటంత కట్టం?"
అన్నాడు కొర్లయ్య, మెత్తగానే.
చెడ్డవాడు కాదు.
అన్న శవాన్ని అలల్లోంచి మోసుకొచ్చింది ఆయన భుజమే.

వదిన కొంగు సర్దుకుంది.
"పడవ ఇరిగినోళ్ళకి అడగండి, ఇస్తాను.
ఈది దీపాలకి అడగండి, ఇస్తాను.
నాకున్న దండం ఒకటే మావా, ఎట్టీసేను.
ఎనక్కి తీసుకోడం నాకు రాదు."

ఆ మర్నాటి నుంచీ మూడింటికే లేచి
హార్బరుకి నడక.
మొహం తెలియని బోట్ల దగ్గర నెత్తళ్ళు పాడుకొని
పూర్ణామార్కెట్టు గేటు దగ్గర గంప దించేది.
గంప అడుగున పాలితీన్ సంచిలో నల్లట్ట పుస్తకం.
నలభయ్యో ఏట నేర్చిన చదువు,
ఒత్తు అడ్డమొచ్చిన చోటల్లా వేలు ఆగిపోయేది.
చిక్కుపడ్డ వలని విప్పినట్టు
ముడి తర్వాత ముడి.
ఆ కాగితాలన్నీ ఎండుచేప వాసన.
ఆవిడ దేవుడికి
ఆ వాసన కొత్తేమీ కాదట.

ఒక మబ్బు మధ్యాహ్నం
ఇసకలో ఆరేసిన సావిళ్ళ మీంచి టార్పాలిన్ లేచిపోయింది.
గాలి కాదు.
నేనే లాగాను.
వాన మూడు గంటలు కురిసింది,
అప్పు తెచ్చిన సరుకంతా పురుగు.

ఆ రాత్రి అడ్డగోడ అవతల ఏడుపు.
"నాకే ఎందుకయ్యా" అని నిలదీసింది ఎవరినో.
ఒక మాట తిట్టింది కూడా.
చాలాసేపు ఏమీ లేదు,
కెరటం వచ్చి పోవడం తప్ప.
తర్వాత గొంతు తగ్గించి ఒక్కో పేరూ చెప్పడం మొదలుపెట్టింది.
కొర్లయ్య. ఆయన మోకాళ్ళ నొప్పి.
మా పాప. దాని జ్వరం.
ఆ తర్వాత నా పేరు,
చిన్నప్పుడు అన్న పిలిచినట్టు, ముద్దుపేరు.
నా పేరు పక్కన టార్పాలిన్ మాట వస్తుందని
ఊపిరి బిగబట్టి విన్నాను.
రాలేదు.
వస్తే నిద్ర పట్టేదేమో.

ఇప్పటికీ నేను ఆ మందిరం మెట్టు ఎక్కలేదు.
పెద్దల ముందు నోరు విప్పిందీ లేదు.
రాత్రి పదకొండుకి కుళాయి వచ్చినప్పుడు
మా బిందెల్లో ఒకటి ఎక్కువుంటుంది.
మా ఆవిడ లెక్కపెట్టదు.
డాల్ఫిన్ నోస్ మీది దీపం తిరుగుతూ
ఒక్క క్షణం వీధంతా చూసి పోతుంది.
అది అన్న పెళ్ళినాటి ఇత్తడి బిందె,
కంఠం చుట్టూ నూకాలు అని చెక్కించారు.
పేరున్న వైపు గోడకి తిప్పి
నీళ్ళు పడతాను.