ఇరవై మూడు కిలోలు

తేజోవతి మేడం నడుముకి పటకా బిగిస్తుంది,
తొడల కింద పట్టీలు, గుండె మీద బకిల్.
"ఊపిరి బిగబట్టకు" అంటుంది.
నాకు నవ్వొస్తుంది.
పదకొండేళ్లు ఊపిరి బిగబట్టడమే నా పని.

తాడు పైకి లాగుతుంది.
నూతిలోంచి చేద లేచినట్టు
మడమలు తేలికవుతాయి.
స్క్రీను మీద అంకె:
యాభై ఎనిమిదిలో ఇరవై మూడు మిషను మోస్తుంది.
మిగతా ముప్పై ఐదూ నావి.

నెల్లిమర్ల అవతల మా ఊళ్లో
ఎక్కాల కంటే ముందు ప్లేట్ల రంగులు నేర్చుకుంటాం.
ఎరుపు ఇరవై ఐదు, నీలం ఇరవై.
ఇరవై మూడంటే
పదిహేను కిలోల బారు, చెరో వైపూ నాలుగు,
పొద్దున్నే ఒళ్లు వేడెక్కడానికి ఎత్తేది.
ఇప్పుడు ఆ బరువు నేనే.

బెల్టు కదులుతుంది. గంటకి కిలోమీటరు కూడా లేదు,
కోట దగ్గర గేదెలు నన్ను దాటిపోతాయి.
ఎడమకాలు సరే.
తొంభై రెండు కిలోల కింద వెన్ను జారిన రోజు నుంచీ
కుడికాలు బయల్దేరుతుంది, దారి మర్చిపోతుంది.
మేడం వంగి
దాని మడమని చేత్తో తీసుకెళ్లి
బెల్టుకి అప్పగిస్తుంది.

బెంచీ మీద తన వంతు కోసం తవిటయ్య,
జూట్ మిల్లులో ముప్పై ఏళ్లు, ఇప్పుడు మూతి కాస్త పక్కకి.
"మా మిల్లుల బెల్టాగితే కూలాగిపోయీది.
ఇక్కడ సూడు,
బెల్టుకే మనం కూలిత్తన్నాం."

నాకొకటే గుచ్చుకుంటుంది.
పోటీలో బారుకి ఇంకెవరి వేలు తగిలినా
ఆ ఎత్తు చెల్లదు.
మూడు ఎర్ర లైట్లు, అంతే.
మరి ఇది?
తాడు మోసిన నడక,
ఇంకొకరి చెయ్యి పెట్టిన మడమ,
ఏ పుస్తకంలో రాస్తారు?

వారం వారం మేడం
నన్ను నాకు కొంచెం కొంచెం తిరిగిస్తోంది.
ఇరవై. పదహారు.
పదకొండు దగ్గర మోకాలు వణికింది, మళ్లీ పద్నాలుగు.
ఆ రోజు బస్సులో కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాను.

నిన్న తొమ్మిది మీద ఉండగా కరెంటు పోయింది.
ఫ్యాను ఆగింది, అంకె ఆరింది,
బెల్టు చటుక్కున నిలిచింది.
చీకట్లో
కుడి మడమ
ఎవరూ పట్టుకోకుండానే
ముందుకెళ్లి ఆనింది.

ఆ చప్పుడు ఎలా వినిపించిందో మరి,
బెంచీ మీంచి తవిటయ్య, వంకర మూతితోనే:
"సెల్లుతాదమ్మా! అది సెల్లుతాది!"

మేడం సెల్ఫోను టార్చి వెతుక్కుంటోంది.
తాడుకి వేలాడుతూ అనుకుంటున్నాను,
కరెంటొచ్చాక అడగాలి,
ఇంకో కిలో ఇచ్చెయ్యమని.