క గడి

సర్కారు అచ్చుకూటంలో
కిటికీ నుంచి రెండో బల్ల నాది.
ఇంగ్లీషు కూర్చేవాళ్ళకు ఇరవయ్యారు గడులు,
మా మావోరీకి పద్నాలుగు చాలు.
మిగతావాటిలో దుమ్ము,
ఒకదాంట్లో మాత్రం నేను దాచుకున్న బిస్కెట్టు ముక్క.

మా భాషలో వెలువడే గెజిట్టు
వారం వారం నా వేళ్ళమీదుగా పోతుంది.
సీసపు అక్షరాల్ని తలకిందులుగా, వెనకనుంచి ముందుకు
చదవడమే నాకిప్పుడు తేలిక.

అన్నిటికంటే ముందు అరిగేది క.
"మీవాళ్ళు అంతలా క, క అంటారా?"
ఫోర్‌మన్ ప్రింగిల్ నవ్వుతాడు.
అంటారు, కాదనను.
కానీ ఇంత కాదు.
ఓడలు దిగిన మాటలు మా నోళ్ళలో నాని
ఒక్కొక్కటే కతో లేచాయి:
రాజ్యం కరౌనా, గవర్నరు కావనా,
న్యాయస్థానం కోటి, విచారణ సంఘం కొమిహానా,
ఈ గెజిట్టు కాహితి.
బడి కురా.
బడి రాకముందు కురా అంటే ఎర్ర ఈక,
పెద్దవాళ్ళు చెక్కపెట్టెలో దాచుకునేది.

నేలకు మాత్రం పాత మాటే, ఫెనువా.
అందులో క లేదు.
బిడ్డ వెనకే జారే మాయకూ అదే మాట.
మాయ పాతిన చోటే మనిషికి ఊరు.

ఈ మంగళవారం చేతికొచ్చిన కాగితం మీద
ఒతారేవా అని ఉంది.
మా మెట్ట, మా పాముచేపల వాగు,
బడి ఉన్న రెండెకరాలు.

ఆ రెండెకరాలూ తాత ఇచ్చినవే.
కొలతగొలుసు రెండో కొస
తనే పట్టుకుని నడిచాడట, నవ్వుతూ.
ఆ బడిలో మా భాష మాట్లాడినందుకు
నా వేళ్ళమీద పడ్డ బెత్తం దెబ్బలు ఎనిమిది.
అవే వేళ్ళు ఇప్పుడు ఆ భాషను కూర్చి
జీతం తెస్తున్నాయి.

మెట్ట సంగతి వేరు.
దాన్ని మేం గెలిచాం.
కోర్టువాళ్ళు పేరు పిలుస్తారని పట్నంలో
మూడు నెలలు గుడారాల్లో కూర్చున్నాం.
పిండి అప్పు, చక్కెర అప్పు,
కొలిచినవాడి కూలి అప్పు,
దగ్గుతో పోయిన ఇద్దరు పసివాళ్ళ పెట్టెలు అప్పు.
తీర్పు మాకే వచ్చింది.
నేల కొట్టువాడికి పోయింది.

సగం పుటకే క గడి ఖాళీ.
ప్రింగిల్‌ని అడిగితే
దారం కట్టి మూలన పెట్టిన పోయినవారం పుట చూపించి
"అది విప్పుకో" అన్నాడు.
విప్పాను.
ఉత్తరాన ఎవరిదో కొండ.
వాళ్ళలో ముగ్గురి పేర్లు నేనెరుగుదును.
వాళ్ళ కొండలోంచి ఒక్కొక్క క ఊడదీసి
మా వాగులో పెట్టాను.

ఒక్కచోట, కావాలనే,
ఒక కని తిరగేసి పెట్టాను.
ప్రూఫు చూసే ముసలాయనకు మా భాష ముక్క రాదు.
అయినా పట్టేశాడు,
చుట్టూ ఎర్రగా, ఎంతో మర్యాదగా, సున్నా చుట్టాడు.

అంతకు పదిరోజుల ముందే
ఎరిహాపెతి పిన్ని ఉత్తరం:
"నువ్వక్కడే ఉన్నావు కదా రానియేరా,
హద్దు మాటను వాగు అవతలికి
కాస్త జరిపి వెయ్యమను.
వట్టి గడ్డిచోటే, వాళ్ళకేం తరిగిపోదు."
పిన్ని లెక్కలో
ఆజ్ఞ వేసేవాడూ అచ్చు వేసేవాడూ ఒకడే.
ఆ లెక్క తప్పని రాయడానికి
మూడు రాత్రులు కూర్చున్నాను.
తప్పో కాదో తేలక
కాగితం మడిచేశాను.

నిన్న మళ్ళీ రాసింది.
"కాహితి అందింది. బడి గోడకు అంటించారు.
చూపు ఆనని ముసలివాళ్ళకు నేనే చదివి వినిపించాను.
అచ్చు శుభ్రంగా ఉంది నాయనా,
ఒక్క అక్షరమూ చెదరలేదు.
నీ చేతిదే అయ్యుంటుందని
అందరికీ చెప్పాను."