నలుపుకి ఒక్క మునక తక్కువ

చీమకుర్తిలో రాయి పగలగొట్టటం విద్య కాదు,
కూలి.
అందుకే మొదటిరోజు మేమడిగితే
(పెంకులెప్పుడు పగలగొడతాం సార్, ఇటుకలెప్పుడు)
ఏసోబు సారు నవ్వాడు.
"పగలగొట్టేది డ్యూటీలో.
ఇక్కడ నిలబడటం నేర్చుకోండి."

నిలబడ్డాం.
పాలిషింగ్ ఫ్యాక్టరీ వెనక, స్లర్రీ ఎండి
బూడిదరంగు పెచ్చులు లేచిన నేల మీద
గుర్రమెక్కినట్టు మోకాళ్ళు వంచి,
తొడలు వణికిందాకా,
పొదిలి రోడ్డున పద్నాలుగు లారీలు పోయిందాకా.

లెక్క మాత్రం ఆ దేశానిదే.
హానా, దూల్, సేత్, నేత్.
"ఆ రెండోది మీకు పుట్టుకతోనే ఉంది" అనేవాడు.
మా దూల తీర్చేవాడు.
కాటా దగ్గర తూకాలు రాసే నేను
ఇప్పటికీ బండ్లను అట్టాగే లెక్కపెడతా.
నాకేదో గాలి సోకిందనుకుంటారు డ్రైవర్లు.

ఆయనకి నేర్పినాయన పార్కు.
మేం పారుకు గారంటాం, మా తాతల్లో ఒకడైనట్టు.
రాయిని తీగతో కోసే మిషను బిగించటానికొచ్చి
పదకొండు నెలలు గెస్ట్‌హౌస్‌లో ఉన్నాడంట.
ఒకసారి గోంగూర జాడీ మూత తీసి, వాసన చూసి,
చాలాసేపు మాట్లాడలేదంట.
తెల్లారుజామున ఒక్కడే
గాలి మీద ఏదో రాసి చెరుపుతున్నట్టు
చేతులు తిప్పుతుంటే
క్రేన్ మీంచి చూశాడు ఏసోబు.
మూడోరోజు కిందికి దిగాడు.
ఇద్దరి మధ్యా భాష లేదు.
మడమ తప్పుగా పడితే పుల్లతో తట్టేవాడు,
సరిగ్గా పడితే ఏమీ అనేవాడు కాదు.
ఆ ఏమీ అనకపోవటం కూడా
మా సారు మాకు నేర్పాడు.

వంగి మర్యాద చేసేకాడ గొడవైంది.
రమీజా వాళ్ళ నాన్న ఒప్పుకోలా, వంగేది ఒక్కడికేనని.
"చెయ్యి గుండె మీద పెట్టమ్మా, చాలు" అన్నాడు సారు.
ఊళ్ళో పెద్దింటబ్బాయి ఒకడు
ఏసోబుకి నేను వంగేదేందని లేచిపోయాడు.
వాడిని ఏమీ అనలా.
రెండునెలలకి వాడే వచ్చాడు,
చెప్పులు గేటుబయటే విడిచి.

పట్టీలు కొనే తాహతెక్కడిది?
నూలుగుడ్డ మూటకట్టుకుని బస్సెక్కేవాడు,
వేటపాలెంలో రంగులేసే కోటిలింగం దగ్గరికి.
నారింజ, పచ్చ, ఎరుపు. సరే.
ఆఖరిది?
"నలుపా సారూ?"
"కాదు. నలుపుకి ఒక్క మునక తక్కువ."
"ఆ ఒక్కటీ ముంచితే పోలా?"
"నలుపు మీద ఇంకే రంగూ పట్టదు లింగం,
నేర్చుకోవటం అయిపోయిందన్నట్టు.
పారుకు గారు కట్టింది అర్ధరాత్రి నీలం.
ఎప్పటికైనా తెల్లారాలిగదా."
ముంచి, ఆరేసి, చూసి, మళ్ళీ ముంచి,
ఎనిమిదోసారి ఆగిపోయాడంట కోటిలింగం.

పోయిన శ్రావణంలో, ఒంగోలు ఆస్పత్రిలో
డాక్టరు ఫిల్మును లైటుకి పట్టాడు.
నల్లటి దాన్నిండా తెల్లటి చుక్కలు.
"గెలాక్సీ రాయేగదయ్యా ఇది" అన్నాడు సారు.
మేమెవరం నవ్వలా.
ఆయనే నవ్వబోయి దగ్గాడు.

కడుపులోంచి రావాల్సిన కేక ఇప్పుడు రాదు.
పగిలిన స్లాబు మీద కూర్చుని వేలితో కొడతాడు,
ఒక్క దెబ్బకి ఒక్క అడుగు.
కటింగ్ పనికి ఒడిశా నుంచొచ్చినోళ్ళ కొడుకు బిక్రమ్,
తెలుగు రాదు, లెక్క వచ్చు,
ఆయన బదులు వాడు అరుస్తాడు.
క్వారీ గుంతలో అవతలి గోడకి తగిలి
కేక తిరిగొస్తుంది, కాస్త ఆలస్యంగా,
ఇంకెవరో పెద్దాయన అరిచినట్టు.

నిన్న నాకు కట్టాడు ఆఖరి పట్టీ.
వేళ్ళు వణికి ముడి రెండుసార్లు జారింది.
సాయం పట్టబోతే పుల్లతో తట్టాడు.
ఎండలో నీలంగానే ఉంది.
కాటాగది ట్యూబులైటు కింద మాత్రం
ఎంత చూసినా నలుపే.
విప్పబుద్ధి కాక అట్టాగే సీట్లో కూర్చున్నా.
గేటు దగ్గర, ముప్పై టన్నుల బ్లాకుతో
లారీ హారన్ కొట్టింది.

హానా.