కుట్టుకు వదిలింది

పలమనేరులో టైలరు షాపుకు తాళమేసి
సాయంత్రాలు మామిడితోపులో విల్లు పట్టి ఆరేండ్లు.
చూసిందాన్నే కొట్టాలనుకుంటి.
సగం బాణాలు గడ్డిమోపు దాటి
ముళ్లకంపలో.

"దాన్ని చూడొద్దు మామా" అనె రుక్సానా.
"ఇరవై అంగల్లో ములికిని
మోపు కిందుండే ఆ తెల్లరాయి మీద పెట్టు.
నారి పెదవి మూలకు రానీ.
బాణం నీ కంటికన్నా కింద ఉంది గదా,
పైకి లేస్తాది."

రాయిని చూస్తా మోపును నమ్మేది
నాకు చేతగాలే.
తొలి బాణం రాయికే తగిలి
ములికి వంగిపాయె.
ఆ పిల్ల నవ్వలే. ఇంకోటిచ్చె.

అప్పుడు చెయ్యికి గుర్తొచ్చె:
ముప్పై ఏండ్లలో ఏనాడూ
సుద్దగీత మీద కత్తెర పెట్టలేదు నేను.
గీతకు అవతల అంగుళం
కుట్టుకు వదలకుంటే
ఏ రవికా ఒంటికి రాదు.

వదిల్తి, రెండు జానలు.
గడ్డిలో టప్పుమనె.

"నలభై అంగలైతే ఎంత వదలాల?"
"ఏమీ వద్దు మామా. ఆడ ములికీ మోపూ ఒకటే."

లెక్కపెడతా వెనక్కి నడిస్తి.
నడమ లెక్క తప్పి మళ్లీ మొదలుపెడ్తి.
ఆడినుంచి మోపు
చొక్కాగుండీ అంత.
ఏలు వణికితే కాజా తప్పుతాది.