డొల్ల బండ

రేణిగుంట రోడ్డులో, టైర్ల అంగడి మిద్దె పైన
ఆడిటరమ్మ గది.
చెప్పులు బయట ఇడిచి లోపల కాలు పెట్టంగానే
నా మడమకు తెలిసిపొయ్యింది
మూడో వరసలో నాలుగో బండ డొల్లని.
ఏం మాట్లాడలేదు. కుర్చీలో కూచున్నా.

"ఏం పని చేస్తారు?"
టైల్స్ మేస్త్రీని. నాతో కలిపి ఏడుగురం.
"అంటే కంపెనీ జీతం కాదు, సొంతం."
సొంతం.
వినేదానికి బాగుండాది ఆ మాట.
పని లేని బేస్తవారం నా సొంతం,
వాన పడిన సోమారం నా సొంతం,
కటింగ్ మిషన్ కాలితే ఆ పొగా నాదే.

మా పక్క డబ్బును లెక్క అంటాం.
లెక్క వచ్చిందా, లెక్క ఇచ్చినాడా, లెక్క యాడుండాది.
ఆమె గదిలో లెక్కంటే వేరే.
నా పాన్ నంబరు కొట్టి చూసి
"మీ మీద నాలుగు వేల ఆరు నూట ఇరవై పట్టుకున్నారు" అన్నింది.
నూటికొక రూపాయి.
ఏడాదంతా నేను చూడని రూపాయిలు
నా పేరు మీదే యాడో కూచోనుండాయి,
పెండ్లికి పిలవని చుట్టాల మాదిరి.
"అది తిరిగొస్తుంది. మరి ఇదేంటి, నెలకు తలకు ఎనభై అయిదు?"

అదా అమ్మా, కరకంబాడి సైటులో
లెక్క చేతికియ్యడం మానేసి ఫోన్లో ఏసేదానికి
మద్దిలో ఒక ఏజెన్సీని పెట్టినారు. పేరోల్ ఫీజంట.
మా కూలి మా కాడికి వచ్చేదానికి
బస్సు ఛార్జీ మేమే ఇస్తాండాం.
ఆమె నవ్వలేదు.
"అది రాదు."

"ఖర్చులు చెప్పండి. బిల్లులుంటే మేలు."
సంచి బోర్లించినా.
బ్లేడ్లవి రెండు, తెల్ల సిమెంటుది ఒకటి,
చెమటకు అచ్చరాలు పొయిన పెట్రోలు చీటీలు.
తక్కినవి నోటితో చెప్పినా:
తిరుచానూరు పనికి ఆటో, పది గంటల టీ,
వళ్ళెమ్మ మోకాళ్ళకు పట్టీలు,
దేవరాజులు వేలికి నాలుగు కుట్లు,
అడ్వాన్సు తీసుకోని పళ్ళిపట్టుకు పొయ్యి
మళ్ళా రాని గోవిందరాసు.
కొన్ని రాసుకునింది.
కొన్నింటికి పెన్ను గాల్లోనే పట్టుకోనుండింది.

"మిషనుకు తరుగు వేస్తాం."
తరుగు నాకు తెలుసు,
కమ్మలు కుదువ పెట్టినప్పుడు సేటు చెప్పినాడు.
"ఆ తరుగు కాదు. ఏటేటా అరుగుతుంది కదా,
ఆ అరిగినంతా ఖర్చు కింద రాస్తాం."
మిషన్ కొని మూడేండ్లు.
నేను నేల మీద గొంతుకూచోని ఇరవై రెండు.
అడగబొయ్యి, ఊరికే ఉండిపొయినా.

ఫీజు పదైదు నూర్లు.
జేబులో ఎనిమిది నూర్లుండాయి.
అప్పుడు చెప్పినా: అమ్మా, వాకిలి కాడ బండ డొల్ల.
వేలి కణుపుతో దాన్ని కొట్టినా, పక్కదాన్ని కొట్టినా.
ఆమె చీర సర్దుకోని వంగి, చెవి పెట్టి వినింది.

తెల్లారి దేవరాజుల్ని పిలుచుకోని వచ్చినా.
ఎత్తితే కింద ఇసక, సిమెంటు పేరుకే.
ఎవుడో నాలుగు మూలలా ముద్దలు పెట్టి పొయినాడు.
వానికెంత రేటు ఇచ్చినారో.
గీకి, కడిగి, నిండా పూసి,
సుత్తి పిడితో తట్టి రసమట్టం పెట్టినా.
బుడగ మద్దిలో నిలిచింది.

రేపటిదాకా దీని మీద కాలు పెట్టద్దండీ,
పొయ్యొస్తాం.
"బిల్లు ఇవ్వండి."
నేనా?
"నాకిది ఖర్చు కదా. నేనూ చూపించుకోవాలి."

బిల్లు పుస్తకం యాడిది. తెల్ల కాయితం ఇచ్చింది.
కె. చెంగల్రాయులు, టైల్స్ పని, కొర్లగుంట.
పాన్ నంబరు కార్డు చూసి ఒక్కో అచ్చరం.
బండ తీసి వేసినందుకు, అని రాసి
మొత్తం కాడ ఆగిపొయినా.
ఇన్నేండ్లూ అడుగుకింత అని ఎవరో ఒకరు చెప్పిందే.
నా చేత్తో అంకె ఏసింది లేదు.
దేవరాజులు నా చెవి కాడ,
"ఏడు నూర్లు ఏయన్నా."
ఏసినా.
ఆమె చదివి, తల ఊపి, ఫైల్లో గుచ్చింది.
తక్కిన ఎనిమిది నూర్లు టేబుల్ మీద పెట్టినా.

మెట్లు దిగతా ఉంటే వాడన్నాడు:
"నూటికొక రూపాయి పట్టుకోలేదు చూడన్నా, మంచిది."