వల వెనకాల

ఇవాళ గేటు దగ్గర టికెట్లు చించే పని లేదు నిబియాకి.
ఖాళీ చేతులతో ఏం చెయ్యాలో తోచక
వచ్చినవాళ్ల గొడుగులు అందుకుని గోడకి ఆనిస్తోంది.
పైసాండూలో తెల్లవారుజాము నించీ ఒకటే ముసురు.
నది అవతలి అర్జెంటీనా మబ్బులో కలిసిపోయింది.
పోతే పోనీ. ఇవాళ మాకెవరితోనూ పోటీ లేదు.

ఎల్బియో లార్రోసా పెట్టెని
మైదానం నడిమధ్యన పెడదామంది కమిటీ.
నడిమధ్యన వాడికేం పని?
పంతొమ్మిదేళ్లు ఉత్తరపు గోలు దగ్గరే కదా కాపురం!
అందరం గొడవ చేస్తే అక్కడే దించారు,
రెండు స్తంభాల నడుమ, అడ్డకర్ర నీడలో,
తెల్లగీతకి మూరెడు ముందుకి.
ఆ మూరెడు వాడి అలవాటు.
నేను చెబితేనే జరిపారు.

నేనంటే,
కుర్చీలకి కవర్లు కుట్టే డార్డోని.
వల వెనకాల కంచె పట్టుకుని
పంతొమ్మిదేళ్లు వాణ్ణి తిట్టినవాణ్ణి.
మా జట్టే, మా గోల్‌కీపరే, అయినా తిట్టేవాణ్ణి.
"ఒరే జల్లెడా!
చేతులకి వెన్న రాసి పంపించిందట్రా మీ ఆవిడ?"
వాడు వెనక్కి తిరిగేవాడు కాదు.
బంతి మీంచి చూపు తియ్యకుండానే
"డార్డో, సోమవారం వస్తా,
నా కుర్చీ అయిందా?" అనేవాడు.

ఆ కుర్చీ సంగతి ఊరందరికీ తెలుసు.
ఫైనల్లో, ఇలాంటి వానలోనే,
ఇంకా రెండు నిమిషాలుందనగా
పసిపిల్లాడు కూడా ఆపగల బంతి
వాడి చంక కిందనించి సబ్బుముక్కలా జారి
గీత దాటి, కాస్త దూరం దొర్లి, ఆగింది.
ఆ రోజు నేను తిట్టలేదు.
తిట్టనందుకే కాబోలు
మర్నాడు భోజనాలబల్ల కుర్చీ ఒకటి భుజాన వేసుకుని
తడుస్తూ కొట్టుకొచ్చాడు.
"సీటు చిరిగింది."
"కప్పు గెలువు, కుడతాను."

కప్పు రాలేదు.
కుర్చీ మేకుకి తగిలించే ఉంది.
పిల్లి దానిమీద మూడు ఈతలు ఈనింది.

నిన్న రాత్రి దించాను.
పాత గుడ్డ ఊడదీస్తే లోపల పీచు, రెండు నాణేలు, ఎండిన బ్రెడ్డు తునక.
ఆకుపచ్చ రెగ్జిన్ వేశాను.
దారం ఎక్కించడానికి చాలాసేపు పట్టింది,
కళ్లద్దాలు పాతవి మరి.

ఇప్పుడది పెట్టె పక్కన ఉంది.
మిర్తా కూర్చోనంది.
మాతే బుర్ర చేతులు మారుతోంది, ఎవరూ మాట్లాడరు.
వాన పడితే మా ఊళ్లో కొవ్వులో రొట్టెలు వేయిస్తారు,
స్టాండు కింద ఆ వాసన.
ఏడుస్తూనే తింటున్నారు జనం.
ఆకలికి ఎవరు పోయారో ఏం తెలుసు!

అప్పుడొచ్చాడు ఊతకర్ర పొడుచుకుంటూ
ఆ బంతి కొట్టినవాడు, అవతలి జట్టు సేవేరో గోన్యి.
తల నెరిసిపోయింది, మోకాలు పోయింది.
గుంపు రెండుగా చీలి దారిచ్చింది.
పెట్టె దాకా వెళ్లి, వంగబోయి, వంగలేక
చుట్టూ చూసి
కుర్చీలో కూలబడ్డాడు.
నా గొంతు దాకా ఒక బూతు వచ్చింది,
అక్కడే ఉండిపోయింది.
"నిజానికి అది మంచి షాట్ కాదు," అన్నాడతను,
ఎవరితోనో తెలీదు.

ఒక నిమిషం మౌనం అన్నారు మైకులో.
నాలుగువేలమంది. రేకుల మీద వాన.
నాకు చేతకాలేదు.
కంచె పట్టుకుని, ఉన్న గొంతంతా పెట్టి
"ఒరే జల్లెడా!" అని అరిచాను.
ఎవరూ నన్ను కసరలేదు.
అందరూ పెట్టె వైపే చూశారు,
ఏమంటాడో అని.

ఎత్తుకెళ్లాక
గీతకి మూరెడు ముందు
వాడి మడమలు తొలిచిన రెండు గుంటల్లో నీళ్లు నిలిచాయి.
మైదానం చూసుకునే కుర్రాడు ఇసక బండి తెచ్చి
మా మొహాలు చూసి వెనక్కి తిప్పుకున్నాడు.

కుర్చీ ఎవరూ తీసుకుపోలేదు.
బోర్లించి నెత్తిన పెట్టుకుని ఇంటికి నడిచాను,
వానకి అదే గొడుగు.
రేపు సోమవారం.
కొట్టు తెరిచే ఉంచుతాను.