పలకని అక్షరం

కెయోన్ రేవులో జూలై అంటే
వాన పైనుంచి కురవదు,
పక్కవాటుగా వచ్చి మెడలో దూరుతుంది.
నేను ఎవారిస్తోని. సాల్మన్ చేపల ఫ్యాక్టరీ గేటుకి
పదిహేడేళ్లుగా రాత్రి కాపలా.

ఆ గురువారం ఒతీలియా టీచరు
అరటిపళ్ల అట్టపెట్టె ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టింది.
"మూడో తరగతి, నాలుగో తరగతి పిల్లలు చేశారు,
రాత్రి షిఫ్టు వాళ్లకి. బీరువాకొకటి వేస్తావా?"
జవాబు కోసం ఆగకుండా
తడి గొడుగు గుమ్మంలో దులిపి వెళ్లిపోయింది.

సిమెంటు సంచి కాగితంతో కత్తిరించిన పడవలు,
ఉన్ని పోగులతో కుట్టిన గొర్రె,
బంగాళాదుంప కోసి అచ్చేసిన నక్షత్రాలు
(ఎవరింట్లోనో ఆ పూట కూరలో ఒక దుంప తగ్గింది),
ఒకడైతే నిజం చేప పొలుసులే అంటించాడు.
రాత్రంతా ఆ కంపులో మునిగేవాళ్లకి
కానుకగా మళ్లీ అదే!
నవ్వాను. ఖాళీ వరండాలో
ఆ నవ్వు ఎవరిదా అన్నట్టు వినిపించింది.

లోపల మోకాళ్ల దాకా బూట్లు, మంచునీళ్లలో వేళ్లు.
నిమిషానికి ఇన్ని అని లెక్కపెట్టి పొట్టలు కోస్తారు.
నా పొట్ట కోస్తే అక్షరం ముక్క దొరకదనేవాడు మా నాన్న.
దొరుకుతాయి నాన్నా, కాకపోతే అన్నీ పేర్లే.
లోపలికి ఎవరు, బయటికి ఎవరు, ఎన్ని గంటలకి.

ఒక్కో బీరువాలో వేసుకుంటూ పోయి
డెబ్బై నాలుగు దగ్గర ఆగాను.
ఉబెర్లిందాది. సోమవారమే మానేసింది,
మణికట్లు ఇక మాట వినడం లేదని.
తాళం లేని తలుపు గాలికి కొట్టుకుంటోంది.

చేతిలో మిగిలిన కార్డు ఉబ్బుగా ఉంది.
తిరిగి ఇచ్చేయాల్సింది.
ఇవ్వలేదు.

గేటు దీపం కింద విప్పాను.
పలకరింపుతో మొదలైంది. మా భాషలో ఆ మాటకి ముందు
పలకని అక్షరం ఒకటుంటుంది. పిల్లాడు మరిచిపోయాడు.
అది లేకపోతే అర్థం మారి, కెరటం.

"కెరటం.
మీ చేతులు చల్లగా ఉంటాయని మా అమ్మమ్మ చెప్పింది.
నా దగ్గర ఒక్క గ్లౌజే ఉంది, రెండోది పడవలోంచి పడిపోయింది.
కాసేపు ఒక చేతికి, కాసేపు ఇంకో చేతికి వేసుకోండి.
నేను అలాగే చేస్తాను. బాగానే పనిచేస్తుంది.
రోసామెల్."
పక్కన ఓ సూర్యుడు. ముక్కుంది, దానికి జలుబు కూడా ఉంది.

ఎర్ర ఉన్ని గ్లౌజు.
నావి రెండు వేళ్లే పట్టాయి.
తెల్లారే దాకా ఆ రెండూ అందులోనే ఉన్నాయి.

షిఫ్టు దిగి బడి ఎదురుగా నిలబడ్డాను.
పిల్లలు గుంపుగా వస్తున్నారు వానలో.
ఒకడు రెండు చేతులూ చంకల్లో దోపుకుని,
సంచి మెడకి వేలాడేసుకుని,
గుంటల్నే వెతికి వెతికి దూకుతున్నాడు.
వాడేనా? అడగలేదు.
ఏమని అడగను,
బాబూ, నీ చలి నా జేబులో ఉందనా?

సంతలో కొలతకి ఆ గ్లౌజే చూపించి జత కొన్నాను.
ఎరుపు అయిపోయిందట. ఆవాల రంగుది ఇచ్చింది ముసలావిడ,
ఎవరికని అడిగి, చెప్పేలోపే చిల్లర లెక్కలో పడిపోయింది.

ఇప్పుడు రాత్రి మూడు.
రాకపోకల పుస్తకంలోంచి ఒక కాగితం చింపాను.
ఇదీ ఉద్యోగం పోయే పనే.
మొదట పలకని అక్షరం పెట్టాను,
చూసి చూసి కొట్టేశాను.

"కెరటం, రోసామెల్.
నీ ఉత్తరం నాది కాదు. దాని మనిషి పని మానేసింది.
నేను విప్పి చదివాను, తప్పే.
ఆవిడ ఇల్లు కొండ మీద, ఆదివారం వెళ్లి ఇచ్చేస్తాను.
ఈ జత నీకు. పడవలో జాగ్రత్త.
ఇక నీ ఎర్ర గ్లౌజు సంగతి"

అక్కడ సైరన్ మోగింది.
గేటు తీయాలి.